పెల్లాగ్రా: పట్టిక చెప్పని సంగతి

ఆహారమును గూర్చిన పాఠములలో సాధారణముగా ఒక పట్టిక కానవచ్చును. ఒక ప్రక్క విటమిను పేరు, దాని కెదురుగా దాని లోపమువలన కలుగు వ్యాధి పేరు. నయాసిను కెదురుగా ‘పెల్లాగ్రా’ అని యుండును. జ్ఞాపక ముంచుకొనుటకు ఈ పద్ధతి సులభమే. కాని శరీరములో జరుగు పనిని ఇది సగమే చెప్పుచున్నది.

1914 నుండి అమెరికా దక్షిణ రాష్ట్రములలో పెల్లాగ్రాను పరిశోధించిన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్, ఆహారములో పాలు, మాంసము, గ్రుడ్లు చేర్చినచో ఆ వ్యాధిని నివారింప వచ్చునని చూపెను. 1937లో కాన్రాడ్ ఎల్వెహ్‌యెమ్, కుక్కలలో పెల్లాగ్రాను పోలిన ‘నల్లనాలుక’ వ్యాధి నికోటినిక్ ఆమ్లముతో, అనగా నయాసినుతో, నయమగునని కనుగొనెను. అయినను ఒక చిక్కు మిగిలెను. లీటరు ఆవుపాలలో నయాసిను సుమారు 1 మిల్లీగ్రాము మాత్రమే. మరి పాలు ఈ వ్యాధిని ఎట్లు నివారించుచున్నవి?

సమాధానము పాలలోని మాంసకృత్తులలో నున్నది. వాటిలోని ట్రిప్టొఫాన్ అను ఆమైనో ఆమ్లమునుండి శరీరము నయాసినును స్వయముగా తయారుచేసికొనగలదు. స్థూలముగా 60 మిల్లీగ్రాముల ట్రిప్టొఫాన్ 1 మిల్లీగ్రాము నయాసినుకు సమానము. లీటరు పాలలో ట్రిప్టొఫాన్ సుమారు 450 మిల్లీగ్రాములు. అది 7 మిల్లీగ్రాములకు పైబడిన నయాసినుతో తుల్యము. ఈ మార్పు జరుగుటకు బి2, బి6 విటమినులు కూడ కావలెను. అంతేకాదు, మాంసకృత్తులు అధికముగా భుజించినచో బి6 అవసరము పెరుగును. ఆమైనో ఆమ్లముల మార్పులలో అది సాధనము. కనుక పట్టికలోని గడులు వేరువేరు కావు.

జొన్నయే ప్రధానాహారమైన దక్కను ప్రాంతపు పేదలలోను పెల్లాగ్రా కనబడెను. జొన్నలో ట్రిప్టొఫాన్ మొక్కజొన్నలోవలె మరీ తక్కువ కాదు. 1960లో హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలకు చెందిన సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంటియా, జొన్నలో లూసిన్ అను మరియొక ఆమైనో ఆమ్లము హెచ్చుగా నుండుటయే కారణమని ప్రతిపాదించిరి. తరువాతి ప్రయోగము లన్నియు దీనిని సమర్థింపలేదు. కావున దీనిని స్థిరపడిన సత్యముగా గాక ప్రతిపాదనగానే బోధించుట న్యాయము.

పట్టికను తీసివేయ నక్కరలేదు. ‘దీనికి తోడు ఏమి కావలెను?’ అను మూడవ నిలువు వరుసను చేర్చిన చాలును. జొన్నరొట్టె తిను విద్యార్థికి వ్యాధి పేరు వచ్చుటకంటె, ఆ రొట్టెతో పప్పు, పాలు ఏల చేర్చవలెనో తెలియుట ముఖ్యము.