నేలకు మూరెడు ఎత్తున

బండ ఒక చివర రెండు చేతులా పట్టు దొరకబుచ్చుకుని, పాదాలు నేల విడిచి, అడ్డంగా జరుగుతూ రెండో చివరకు చేరడమే ట్రావర్స్. మధ్యలో కాలు నేలకు తగిలితే మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. పాదాలు చాలాసార్లు నేలకు మూరెడు ఎత్తు కూడా దాటవు. అయినా పది మీటర్లు సాగేసరికి ముంజేతులు బిగుసుకుపోయి వేళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి. ఇందులో తాడు ఉండదు, చేరుకోవలసిన శిఖరమూ ఉండదు. ఒంట్లోని బలాన్ని పొదుపుగా ఖర్చుపెట్టడం నేర్పడంలో దీన్ని మించిన సాధన లేదని నా నమ్మకం.

ఈ సాధన బాగా వేళ్లూనిన చోటు ఫ్రాన్స్‌లోని ఫాంటెన్‌బ్లో అడవి. పారిస్‌కు ఆగ్నేయంగా దాదాపు 60 కిలోమీటర్ల దూరం. మూడు కోట్ల ఏళ్లకు ముందు అక్కడున్న సముద్రం వదిలిన ఇసుకే గట్టిపడి, ఇప్పుడు చెట్ల మధ్య గుండ్లుగా నిలిచింది. ఆల్ప్స్ ఎక్కాలనుకున్న పారిస్ వాళ్లకు సెలవురోజు సాధనకు ఇవే దగ్గర. 1935లో రేమండ్ లైనింజర్‌తో కలిసి ఆల్ప్స్‌లోని పెటి డ్రూ శిఖరపు ఉత్తర ముఖాన్ని మొదటిసారి ఎక్కిన పియేర్ అలాఁ ఈ గుండ్ల మీద చెయ్యి తిరిగినవాడే. నున్నటి రబ్బరు అడుగున్న ఎక్కుడు బూట్లను రూపొందించిందీ ఆయనే. 1947 నుంచి ఇక్కడ రాళ్ల మీద రంగు బాణాలు, అంకెలు వేసి, ఒక గుండు నుంచి మరో గుండుకు సాగే సర్క్యూట్లు ఏర్పరిచారు. ట్రావర్స్‌ల కష్టాన్ని కొలిచే పద్ధతి కూడా అక్కడ వేరు. నిట్టనిలువు ఎక్కుడులో కష్టానికిచ్చే అంకె నాలుగైదు కదలికల తీవ్రతను చెబితే, ట్రావర్స్‌లో ఇరవై ముప్పై కదలికల ఓర్పును కూడా లెక్కలో వేసుకుంటుంది. అంకె ఒకటే అయినా ట్రావర్స్‌లో ఏ ఒక్క కదలికా విడిగా అంత కష్టం కాదు.

గట్టిగా పట్టుకునే కొద్దీ ముంజేతి కండరం తన రక్తనాళాలను తానే నొక్కేసుకుంటుంది. రక్తం ఆడదు, పట్టు సడలుతుంది. అందుకే అనుభవజ్ఞులు మోచేతులు వంచరు. చేతులు చాచి, బరువును ఎముకల మీద, కాళ్ల మీద వేస్తారు. నడుమును రాతికి దగ్గరగా తిప్పి ఉంచుతారు. కుడివైపు సాగేటప్పుడు ఎడమ చెయ్యి కుడిచేతి మీదుగా పోవాలా, కిందుగా పోవాలా అన్నది తర్వాతి పట్టును బట్టి ముందే తేల్చుకోవాలి. పొరపడితే చేతులు చిక్కుపడి వెనక్కి రావలసిందే. బొటనవేలంత అంచు మీద పాదం మార్చడం ఇంకా సున్నితమైన పని: కొత్త పాదాన్ని పాతదాని పక్కనే ఆనించి, పాతది జారుతుండగా దాని చోటులోకి దింపాలి. కొందరు చిన్న గెంతుతో మారుస్తారు. నాకు మొదటిదే మేలనిపిస్తుంది, అందులో శబ్దం ఉండదు, చేతుల మీద కుదుపు పడదు. అడుగుకు చోటు లేనప్పుడు ఒక కాలిని వెనక నుంచి అవతలి పక్కకు చాపి తూకం నిలుపుకుంటారు. మూల తిరిగేటప్పుడు మడమను అంచుకు తగిలించి ఒంటిని లాక్కుంటారు. కాళ్లు నిలదొక్కుకున్న ప్రతిచోటా ఆగి, ఒక్కో చేతినీ కిందికి వదిలి విదిలించాలి. ఆ ఆగే చోట్లను నేల మీద నిలబడే ఎంచుకునేవాడు సగం దూరం సాగినట్టే.

ఫాంటెన్‌బ్లో పట్లు చాలావరకు గుండ్రటివి, అరచేతి రాపిడే ఆధారం. చలి వేళ రాయి బాగా పట్టు ఇస్తుంది. చేతులకు చాక్ పొడి రాసుకునే అలవాటును 1950ల్లో జిమ్నాస్టిక్స్ నుంచి ఎక్కుడులోకి తెచ్చినవాడు అమెరికన్ గణితజ్ఞుడు జాన్ గిల్. ఫాంటెన్‌బ్లో పాతకాపులు గుడ్డలో కట్టిన పైన్ బంకతో రాతిని తట్టేవారు. ఆ బంక పట్లను నున్నగా అరగదీసింది. బూట్లు తుడుచుకోకుండా రాయెక్కినా అదే నష్టం. వాన తర్వాత ఇసుకరాయి మెత్తబడి పట్లు విరుగుతాయి కాబట్టి, లోపలి దాకా ఆరే వరకు చెయ్యి వెయ్యకపోవడం అక్కడి మర్యాద.

ఎత్తు తక్కువే కదా అని పడటాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మడమ తగిలించి ఉండగా చెయ్యి జారితే వీపు ముందు పడుతుంది. తోడున్నవాళ్లు కింద పరిచే పరుపును వెంట జరుపుతూ ఉండాలి.

మన దక్కను గ్రానైట్ వేరే రాయి. హైదరాబాద్ గుట్టల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. స్ఫటికాల గరుకు వేళ్ల చర్మాన్ని తొందరగా ఒలిచేస్తుంది, పగుళ్లూ పెచ్చుల అంచులూ పట్లవుతాయి. ఈ గుట్టలను కాపాడమని 1996లో పుట్టిన సొసైటీ టు సేవ్ రాక్స్ పోరాడుతూనే ఉంది. గుట్టను పేల్చకపోయినా ట్రావర్స్ పోవచ్చు: బండ మొదలు దగ్గర మట్టి పోస్తారు, ప్రహరీ కడతారు, చెత్త తగలబెడతారు. మంట వేడికి గ్రానైట్ పెచ్చులూడుతుంది. బండను మిగిల్చామని లేఅవుట్లు చెప్పుకునేటప్పుడు, దాని మొదలు చుట్టూ మనిషి నడవగలిగినంత చోటు కూడా వదిలారా అని అడగాలి.