ఆమడల లెక్క

తెలుగులో యాత్రాచరిత్ర అనే ప్రక్రియ వర్ణన మీద కన్నా లెక్క మీద ఎక్కువగా నిలబడింది. ఏ ఊరికి ఎన్ని ఆమడలు, దారిలో మంచినీళ్లు ఎక్కడ, సత్రం ఉన్నదా లేదా, అంగట్లో బియ్యం దొరుకుతాయా, ఏరు దాటడానికి పడవ ఉంటుందా అన్న ప్రశ్నలకు ముందు వెళ్లినవాడు వెనక వచ్చేవాడి కోసం రాసిపెట్టిన జవాబులే దీని తొలి సరుకు. ఆమడ అంటే సుమారు 8 మైళ్లు. మజిలీ అంటే ఆ పూట ప్రయాణం ముగించి బస చేసే చోటు. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన ఈ రెండో మాటను మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ ఇంటింటి మాటగా చేశాయి. ఆ పుస్తకంలో మజిలీ రాగానే కథ మొదలవుతుంది. యాత్రాచరిత్రలో మజిలీ రాగానే లెక్క మొదలవుతుంది.

ఈ పద్ధతికి ఒరవడి పెట్టినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే సాక్షుల మాటను, దొరల మాటను ఒకరిది ఒకరికి తెలియజెప్పే ఉద్యోగిగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, తూర్పు తీరం వెంట గోదావరిని, కృష్ణను దాటి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. వెంట సుమారు వందమంది పరివారం, ఎక్కడానికి పల్లకి. దారి పొడుగునా ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసిన సంగతులే, ఆయన 1836లో చనిపోయాక, ఆ మిత్రుడి పూనికతో 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి.

ఈ రచనలోని నేర్పు చాలావరకు అది ఉత్తరం కావడంలోనే ఉంది. ఊరూ పేరూ లేని లోకానికి రాసేవాడు గొంతు పెంచుతాడు. తన ఇంటినీ, వీధినీ, చూసిన గుళ్లనూ ఎరిగిన ఒక మనిషికి రాసేవాడు అతిశయోక్తికి పోలేడు, ఎందుకంటే చదివేవాడు రేపు ఎదురుపడి అడుగుతాడు. అందుచేత తేదీ, వారం, బయలుదేరిన గంటతో సహా నమోదవుతాయి. తెలియని వస్తువును తెలిసిన వస్తువుతో కొలిచి చెప్పడం అలవాటవుతుంది. భాష గ్రాంథికపు మడి విడిచి, హిందుస్తానీ, అరవం, ఇంగ్లీషు మాటలు కలిసిన వాడుక మాటకు దగ్గరగా నడుస్తుంది. వచనం ఎలా ఉండాలన్న వాదులాట తెలుగులో ఇంకా పుట్టని రోజుల్లో ఒక కోర్టు ఉద్యోగి దారి మీద ఆ చిక్కును తన మట్టుకు తాను విప్పుకున్నాడని చెప్పడం తప్పు కాదు. అయితే ఈ లెక్కలో ఒక పద్దు ఖాళీగా ఉన్నదన్నదీ చెప్పితీరాలి: పల్లకిలో కూర్చున్నవాడి వేదాంత విచారం పుటలకు పుటలు నిండగా, పల్లకి మోసిన బోయీలు ఆ దారిని ఎలా చూశారన్నది వాళ్ల నోటి నుంచి మనకు వినిపించదు.

వీరాస్వామయ్య తీరం వెంట వెళ్లిన మరుసటి సంవత్సరమే గుంటూరు సీమను కరువు పట్టుకుంది. నందన నామ సంవత్సరంలో వచ్చిన ఆ 1832–33 నాటి క్షామాన్ని జనం డొక్కల కరువన్నారు. దాని తరవాత ఇరవై ఏళ్లకు గాని బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని మొదలుకాలేదు. అది 1855లో పూర్తయి కాలువలు పారాకనే ఈనాటి డెల్టా రూపం కట్టింది. అందువల్ల 1831 నాటి ప్రయాణపు రాత, కరువుకూ కాలువలకూ ముందరి తీరసీమ ఎలా ఉండేదో కళ్లతో చూసిన తెలుగువాడి సాక్ష్యంగా విలువ సంపాదించుకుంది. రాసినవాడికి అటువంటి ఉద్దేశం లేకపోవడమే ఆ విలువను పెంచింది.

ఆ విలువను గుర్తుపట్టిన చూపు బెజవాడది. ఆ ఊళ్లో న్యాయవాదిగా ఉంటూ చరిత్ర పరిశోధన సాగించిన దిగవల్లి వేంకట శివరావు, ‘కాశీయాత్ర చరిత్ర’ను పరిష్కరించి, రచయిత జీవిత విశేషాలు చేర్చి, 1941లో మళ్లీ వెలుగులోకి తెచ్చారు. సాక్ష్యాన్ని తూచే వృత్తిలో ఉన్నవారి చేతికి సాక్ష్యం లాంటి పుస్తకం చిక్కడం దాని అదృష్టం. ఈ సీమను గురించి వీరాస్వామయ్యకు ముందు రాసిన బాటసారులు పరాయివాళ్లు: 7వ శతాబ్దంలో ధాన్యకటకంలో ఉండి బౌద్ధ శాస్త్రాలు చదివిన చైనా భిక్షువు హ్యూయన్‌త్సాంగ్, 1652లో బందరులో దిగి బెజవాడ మీదుగా గండికోటకు వెళ్లిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే ఆ కోవలోనివారు. వారి కంటికి ఇది దారిలో తగిలిన దేశం. ఇక్కడివారే బయలుదేరి రాయడానికి ఇంకొంత కాలం పట్టింది.

బయలుదేరడానికి కావలసిన సాధనాలను కాలువా, రైలూ ఇచ్చాయి. బందరు, ఏలూరు, రైవస్ కాలువల మీద పడవ ప్రయాణం మామూలైంది; 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయ్యాక బెజవాడ పెద్ద జంక్షనుగా ఎదిగింది. పంట ఇంటికి చేరి, వేసవిలో కాలువలు కట్టేస్తే డెల్టా రైతుకు చేతిలో తీరికా, చేతనైనంత డబ్బూ ఉంటాయి గనుక కాశీ రామేశ్వరాల ప్రయాణాలకు అది అదనైంది. కాని వెళ్లిన అందరూ రాయలేదు. గంగ చెంబుతో వచ్చి సంతర్పణ చేసినవారే ఎక్కువ.

రాసినవారిలో బందరు హిందూ హైస్కూలులో తెలుగు చెప్పిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి వేరే మార్గం తీశారు. ఆయన ‘కాశీయాత్ర’ పడుచుతనంలో చదువు కోసం చేసిన ప్రయాణాన్ని పెద్దతనంలో తలచుకుని చెప్పిన ముచ్చట. లెక్క కరిగిపోయి మనుషులు మిగిలిన రచన. ఏ రోజుకారోజు రాసినది చరిత్రకారుడికి ఉపయోగిస్తుంది, ఏళ్లు గడిచాక రాసినది పాఠకుడికి రుచిస్తుంది. ఈ రెండింటి మధ్య తక్కెడ నిలపడం యాత్రారచనలో అన్నిటికన్నా కష్టమైన పని. ఆడవారూ రాశారు. 1873లో ఇంగ్లండు వెళ్లిన పోతం జానకమ్మ ఆ దేశాన్ని గురించి తెలుగులో రాసి, 1876లో ఇంగ్లీషులోనూ పుస్తకంగా తెచ్చారు. గుంటూరులో పుట్టిన నాయని కృష్ణకుమారి ‘కాశ్మీర దీపకళిక’ కవిత్వం వైపు మొగ్గింది. అందులో ఆమడలు వెతికేవారికి నిరాశే.

20వ శతాబ్దం రెండో సగంలో ప్రయాణానికి కారణాలు మారాయి. గుడివాడ ప్రాంతపు రామాపురంలో పుట్టిన నటుడు అక్కినేని నాగేశ్వరరావు ‘నేను చూసిన అమెరికా’ రాస్తే, విజయవాడలో పుట్టిన నవలాకారుడు మల్లాది వెంకట కృష్ణమూర్తి ‘ట్రావెలాగ్’ అన్న మాటనే శీర్షికకు ఎక్కించి అమెరికా, యూరప్‌ల గురించి పుస్తకాలు రాశారు. విమానం వచ్చాక మజిలీల మధ్య దారి మాయమై, దిగిన చోట్లే మిగిలాయి. ఈ కాలపు చాలా విదేశయాత్రా గ్రంథాలు చూసిన భవనాల పట్టికలుగా చప్పబడడానికి అదొక కారణం. వాహనం వేగం రాతను ఎంతగా శాసిస్తుందో స్కూటరు ప్రయాణాలు రుజువు చేశాయి: పరవస్తు లోకేశ్వర్ ‘ఛత్తీస్‌గఢ్ స్కూటర్ యాత్ర’లోనూ, దాసరి అమరేంద్ర ‘స్కూటర్లపై రోహ్‌తాంగ్ యాత్ర’లోనూ దారి మళ్లీ పుస్తకంలోకి వచ్చింది, ఎందుకంటే రెండు చక్రాల బండి మీద వెళ్లేవాడు ప్రతి గుంతకూ, ప్రతి టీ బంకుకూ జవాబు చెప్పుకోక తప్పదు. ఇప్పుడు ఫోను కెమెరా పట్టుకుని దేశాలు తిరిగే కుర్రవాళ్లు గది అద్దె ఎంత, భోజనం ఎంత, మన రూపాయల్లో ఎంత అని చెప్పుకుంటూ పోవడాన్ని పెద్దలు చిన్నచూపు చూస్తారు గాని, అంగట్లో బియ్యం దొరుకుతాయా అన్న పాత ప్రశ్నకూ దానికీ చుట్టరికం ఉంది.

హిందీ రచయిత రాహుల్ సాంకృత్యాయన్ చూపిన లోకసంచారి బాట పట్టి, ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన చిత్రకళాచార్యుడు మాచవరపు ఆదినారాయణ ‘భ్రమణకాంక్ష’లో కాలినడకను ఎంచుకున్నారు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే మనిషి సంచీ భుజాన వేసుకుని ఊరి వెంట ఊరు నడుస్తూ వెళ్లడంతో, తెలుగు యాత్రారచన మళ్లీ రోజుకు కొన్ని ఆమడల వేగానికి, దాదాపు 1830 నాటి వేగానికే వచ్చింది. ఈసారి మోసినవాడూ రాసినవాడూ ఒకరే.