తారల పలుకు – మన ఓటు

శాసనసభ ఎన్నికలు వచ్చినపుడెల్ల మన ఇండ్లలో జరుగు సంభాషణమును పాఠక మహాశయులు ఒకసారి జ్ఞాపకము చేసికొందురుగాక. మన నియోజకవర్గమున ఎవరెవరు నిలిచిరి, గడచిన ఐదేండ్లలో మన సభ్యుడేమి చేసెను అను ప్రశ్నలు అరుదుగా వినవచ్చును. ఏ నటుడు ఎవరిని మెచ్చుకొనెను, ఏ నటి ఏ వేదిక నెక్కెను అను ముచ్చట్లు మాత్రము కాఫీ చల్లారువరకు సాగును. ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాగా పనిచేసి, పలుమార్లు పోలింగు విధులలో కూర్చుండిన నేను ఈ అలవాటును విమర్శింపబూనితిని. ఇందు నా తప్పును దాచుకొనను.

తమిళనాట మనము తరచుగా చెప్పుకొను ఉదాహరణము 1996 నాటిది. జయలలిత తిరిగి అధికారమునకు వచ్చినచో రాష్ట్రమును దేవుడును కాపాడలేడను భావము వచ్చునట్లు నటుడు రజనీకాంత్ పలికెను. ఆ ఎన్నికలో 234 స్థానములకుగాను ద్రావిడ మున్నేట్ర కళగమునకు 173 లభింపగా, అధికారమున నుండిన అన్నా ద్రావిడ మున్నేట్ర కళగమునకు 4 మాత్రమే దక్కెను. తెలుగు కుటుంబములు పెక్కుగల మన బర్గూరులో ముఖ్యమంత్రియే స్వయముగా ఓడిపోయిరి. ఒక్క మాట ప్రభుత్వమును కూల్చినదని నాడు హోసూరు వీధులలో అననివారు లేరు. నేనును అంటిని.

మాటకే అంత శక్తి యున్నచో అది 2004లో ఏమైనట్లు? ఆ యేటి లోక్‌సభ ఎన్నికలలో అదే నటుడు తన ఓటు భారతీయ జనతా పార్టీ, అన్నా డి.ఎం.కె. కూటమికే యని బహిరంగముగా తెలిపెను. పాట్టాళి మక్కళ్ కట్చిని ఓడింపుమని అభిమానులను కోరెను. తమిళనాటి 39 స్థానములును ఎదుటి కూటమికే పోయినవి. ఆయన వ్యతిరేకించిన ఆ కట్చివారును గెలిచిరి.

మనిషి అతడే; కీర్తియు తగ్గలేదు. మారినది జనుల మనస్సు. 1996 నాటికి అవినీతి ఆరోపణల వలనను, 1995లో జరిగిన ఆడంబర వివాహము వలనను ప్రజలలో అసంతృప్తి పేరుకొని యుండెను. మూపనారు కాంగ్రెసునుండి విడివడి తమిళ మానిల కాంగ్రెసును స్థాపించి కరుణానిధితో చేతులు కలిపిరి. ఇవి గాలి, నటుని పలుకు ధ్వజపటము. గాలి ఎటు వీచుచున్నదో ధ్వజము చూపును గాని గాలిని పుట్టింపజాలదు.

తామే రంగమున దిగిన నటుల సంగతి కొంత వేరు. 1977లో ఎం.జి. రామచంద్రన్, 1983లో మన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రులైరి. కాని 1989లో తిరువైయారులో శివాజీ గణేశన్ అంతటి నటుడు ఓడిపోయిరి. 2009లో చిరంజీవి పక్షమునకు ఆంధ్రప్రదేశములోని 294 స్థానములలో 18 మాత్రమే వచ్చినవి. ప్రఖ్యాతి సభాస్థలమును నింపును. ఓట్లు రావలెనన్న ఊరూర పనిచేయువారును, జనులు నమ్మదగిన కార్యక్రమమును ఉండవలెను.

ఇక నా తప్పు. 2006 శాసనసభ ఎన్నికలపుడు నేనును నా మిత్రులును విజయకాంత్ పెట్టిన కొత్త పక్షమును గూర్చియే రాత్రులు వాదించుకొంటిమి. ఆ పక్షమునకు వృద్ధాచలము ఒక్కటే దక్కెను. అదే యేడు కొత్త శాసనసభ తమిళ అభ్యసన చట్టమును చేసినది. ఆ చట్టము వలన ఒకటవ తరగతితో మొదలై, ఏటేట ఒక్కొక్క తరగతి చొప్పున తమిళము నిర్బంధ ప్రథమ భాషయై, 2016 నాటికి పదవ తరగతి పరీక్షను చేరినది. తరతరములుగా ఆ స్థానమున చదువుకొన్న తెలుగు పక్కకు జరుగవలసివచ్చినది. భాషాల్పసంఖ్యాకులు న్యాయస్థానముల తలుపు తట్టిరి. ఆనాడు పదవ తరగతిలో నున్న మా చెల్లెలి కూతురు నన్నడిగినది: "మామయ్యా, ఓట్ల కోసం మనింటికి వచ్చినప్పుడు మన తెలుగు సంగతి మీరెవరూ అడగలేదా?" నావద్ద సమాధానము లేకపోయెను. ఏ నటుడు ఏమనెనో నాకు కంఠస్థము. అభ్యర్థి మనస్సులో ఏమున్నదో నేను విచారింపలేదు.

తమిళము నేర్చుట మనకు భారము కాదు. అది మనము బ్రదుకుచున్న గడ్డ భాష. మన పిల్లలు చక్కగా నేర్చుకొనవలసినదే. దానితోపాటు తెలుగునకును బడిలో చోటుండవలెనని కోరుట మన హక్కు. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగము 350ఎ అధికరణమున చెప్పుచున్నది. ఆ మాటను ఆచరణలో పెట్టు ఉత్తరువులు, ఉపాధ్యాయుల నియామకములు మాత్రము రాష్ట్ర ప్రభుత్వము చేతిలోనే యున్నవి.

నటులును పౌరులే. వారి అభిప్రాయమును చెప్పుకొను స్వాతంత్ర్యము వారికి గలదు. దోషము వారి నాలుకయందు లేదు, మన చెవియందున్నది. కాబట్టి రాబోవు ఎన్నికలలో ఇంటికి వచ్చిన ప్రతి అభ్యర్థిని మూడు ప్రశ్నలడుగుదము. మన బడిలో తెలుగు పంతులు ఖాళీని పూరింపజేయుదురా? తెలుగు పాఠ్యపుస్తకములను సకాలమున తెప్పింతురా? మన భాషను గూర్చి సభలో ఒక్కసారియైనను నోరు విప్పుదురా? వారి జవాబులను వ్రాసిపెట్టుకొని, ఐదేండ్ల తరువాత వారికే చదివి వినిపింతము. ఆ పని చేయగలిగిననాడు మా మేనకోడలికి నేనొక సమాధానము చెప్పగలను.