ఒకే ఫ్రేములో ఇద్దరు

శ్రీశైలం డ్యామ్ కట్టడానికి వచ్చినవాళ్ల కాలనీగా పెరిగిన ఊరు సున్నిపెంట. అక్కడైనా, హైదరాబాదులో ఏసీ స్టూడియోలోనైనా పసి కవలల ఫొటో అంటే పనిమంతుడి ఓపికకు పరీక్షే. ఒకరు కళ్లు మూస్తే ఇంకొకరు తెరుస్తారు. ఒకరి ఏడుపు రెండోవారికి అంటుకుంటుంది.

పనితనమంతా బటన్ నొక్కకముందే ఉంది. గది వెచ్చగా ఉండాలి, పిల్లల కడుపు నిండాలి. పుట్టిన మొదటి రెండు వారాల్లో కాళ్లు ముడుచుకుని గాఢంగా నిద్రపోతారు కాబట్టి అప్పుడు పని సులువు. కానీ కవలలు తరచూ నెలలు నిండకుండానే పుడతారు. డాక్టరు సరేనన్నాకే కెమెరా బయటికి తీయాలి.

ముందు నిద్రపోయిన బిడ్డను పడుకోబెట్టి, రెండో బిడ్డను పక్కన చేర్చాలి. కిటికీ వెలుతురు తలవైపు నుంచి ఏటవాలుగా పడాలి. చేతుల మీద గడ్డం ఆనించుకున్న బిడ్డ ఫొటో నిజానికి ఒక్క ఫొటో కాదు. తల పట్టుకుని ఒకటి, చేతులు పట్టుకుని మరొకటి తీసి, పట్టుకున్న పెద్దల వేళ్లు కనబడకుండా కంప్యూటర్లో కలుపుతారు. బిడ్డను వదిలేసి తీసేవాడు మంచి ఫొటోగ్రాఫర్ కాడు.

దిష్టిచుక్క ఒకరికి కుడిబుగ్గన, ఇంకొకరికి ఎడమబుగ్గన పెట్టించేవాడు మాత్రం గడుసువాడు. పదేళ్ల తర్వాత ఆల్బంలో రాముడెవరో లక్ష్మణుడెవరో అమ్మ తడుముకోనక్కర్లేదు.