ఏటేటా ఆరోగ్యపరీక్ష: లాభమెంత?

సంవత్సరమునకొకసారి దేహమంతయు పరీక్ష చేయించుకొన్నచో ఆయువు పెరుగును, వైద్యపు ఖర్చు తగ్గును అను మాట మన పట్టణములలో తరచు వినబడుచున్నది. పటాన్‌చెరు, పాశమైలారము ఫ్యాక్టరీలలో పనిచేయువారి ఇండ్లలో కూడ ఇదే నమ్మకము. ఈ మాటలో సగమే నిజమని నా అభిప్రాయము.

మొదట లెక్క చూతము. రక్తపరీక్షలలో సాధారణ పరిమితి అనునది, ఆరోగ్యవంతులైన నూరుగురిలో 95 మంది ఇముడునట్లు గీచిన గీత. తక్కిన ఐదుగురు జబ్బు లేకయే గీత దాటుదురు. ఒకదానితో నొకటి సంబంధము లేని 20 పరీక్షలు చేసినచో అన్నియు సరిగా వచ్చు అవకాశమెంత? ఇరువది 0.95లను గుణింపుడు, సుమారు 0.36 వచ్చును. అనగా నూరుగురు ఆరోగ్యవంతులలో 64 మందికి ఏదో యొక అంకె తప్పుగా కనబడును. ఇక మరల పరీక్షలు, స్కానింగులు, పోయిన పనిదినములు. ఖర్చు తగ్గుట ఎట్లు?

మరణముల సంగతి డెన్మార్కు పరిశోధకులు పరిశీలించిరి. రెండున్నర లక్షలకు పైబడిన జనముపై జరిగిన 17 ప్రయోగములను కూర్చి, సాధారణ ఆరోగ్యపరీక్షల వలన మొత్తము మరణములు తగ్గినట్లు కనబడలేదని 2019లో ప్రకటించిరి. ఐనను ఆ ప్రయోగములు జరిగినది వైద్యుడు అందుబాటులోనుండు సంపన్న దేశములలో. రక్తపుపోటు ఎన్నడును కొలిపించుకొనని కూలీకి దానిని యథాతథముగ అన్వయించుట తొందరపాటు.

మరి మన ప్రాంతపు సాక్ష్యమేది? సంగారెడ్డి మీదుగా ముంబాయి రహదారిపై పడమరగా పోయినచో, ఒకప్పుడు మెదకు జిల్లావలెనే నిజాము రాజ్యములోనుండిన ఉస్మానాబాదు జిల్లా, అనగా నేటి ధారాశివ్, వచ్చును. అచ్చట 1999లో 30–59 ఏండ్ల స్త్రీలపై ఒక పెద్ద ప్రయోగము మొదలైనది. గర్భాశయ ముఖద్వార కేన్సరునకు మూలమగు హెచ్.పి.వి. వైరసు కొరకు ఒకే ఒక్క పరీక్షకు పిలిచిన 34,126 మందిలో ఎనిమిదేండ్లలో 34 మంది ఆ కేన్సరుతో మరణించిరి. పరీక్ష ఏర్పాటులేని 31,488 మందిలో 64 మంది. ఏటేటా కాదు, ఒక్కమారే! ఆ జబ్బు ముదురుటకు ఏండ్లు పట్టును. ముందుగా కనబడిన మచ్చకు చికిత్స ఉన్నది. ఆ చికిత్సను ప్రయోగములోనే చేసిరి. పరీక్ష లేని వర్గమును అట్లే విడుచుట న్యాయమా అని తరువాత విమర్శ వచ్చినది. అది తేలికగా కొట్టివేయదగినది కాదు.

ఇప్పుడు ఫ్యాక్టరీకి వత్తము. 1984 భోపాలు దుర్ఘటన తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు 41-సి సెక్షను చేర్చిరి. ప్రమాదకరమైన పనిలో చేరకముందును, చేరిన పిదప పన్నెండు మాసములకు మించని వ్యవధిలోను కార్మికుని పరీక్షింపవలెనని అది విధించినది. ఉద్దేశము మంచిదే. కాని ద్రావకపు ఆవిరి పీల్చువానికి కాలేయము, ధూళిలో నుండువానికి ఊపిరి, మోతలో నుండువానికి వినికిడి చూడవలెను. అందరికిని ఎత్తు, బరువు, చక్కెర చూచి ముద్రవేసిన ప్రయోజనము స్వల్పము. పైగా నిరుటి అంకె ప్రక్కన నేటి అంకె ఉంచినగాని తరుగుదల తెలియదు. కాంట్రాక్టు కూలీ ఆరు మాసములకొక షెడ్డు మారినచో అతని పాత అంకె ఏ బీరువాలో నుండును? ఆ రికార్డు కార్మికునికి అందుబాటులో ఉండవలెనని కూడ ఆ సెక్షను చెప్పినది. దాని నకలొకటి అతని చేతికిచ్చుటకు కొత్త యంత్రమేమియు అక్కరలేదు.