పెరటి చెట్టు మందుకు పనికొస్తుంది

కోలారు జిల్లాలోని మా శ్రీనివాసపురం అనగానే అందరికీ మామిడిపండే గుర్తొస్తుంది. కాపు దిగే నెలల్లో మండీల ముందు లారీలు బారులు తీరతాయి. తోతాపురి, బాదామి, నీలం, మల్గోవా అంటూ ఊరూరా మా పండు తింటారు. తిన్నాక మిగిలే టెంక మాత్రం ఎవరికీ అక్కర్లేదు. కోలారు పల్లెల్లో పాతకాలపు ఇల్లాలు దాన్ని పారేయదు. ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడి తీసి నీడన ఆరబెడుతుంది. దాన్ని దంచి, పలచటి గుడ్డలో జల్లించి, సీసాలో పోసి అటక మీద పెడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా విరేచనాలు పట్టుకుంటే ఆ పొడి చిటికెడు పుల్లమజ్జిగలో కలిపి ఇస్తుంది. జీడిలోని వగరు పేగును బిగిస్తుంది. మరో పక్క ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగిస్తూనే ఉంటుంది. ఆ సీసా మీద లేబులు ఉండదు, కంపెనీ పేరు ఉండదు. దానికున్న గ్యారంటీ ఆమె చెయ్యే.

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెతను ఏ మహానుభావుడు పుట్టించాడో గానీ, మా వైపు అది చెల్లదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ మాట్లాడుకునే ఈ తాలూకాలో ఇంటిమందు ఒక విద్య. ఆకును గుర్తుపట్టే కన్ను, పాకం తెలిసిన చెయ్యి, ఎక్కడ ఆగాలో తెలిసిన బుద్ధి ఉంటేనే ఎవరి మందు వాళ్ళు చేసుకోవచ్చు. వీటిలో ఒక్కటి లేకపోయినా చేసుకోకూడదు. ఆకు ఒక్కటే మందు కాదు, విధానంతో కలిస్తేనే మందవుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఇంతే.

ముందు కన్ను సంగతి. వానలు పడగానే గట్ల మీద నేల ఉసిరి మొలుస్తుంది. రెమ్మను తిప్పి చూస్తే ఆకుల కింద ఆవగింజంత కాయలు సన్నటి తొడిమలతో వరసగా వేలాడుతుంటాయి. పక్కనే దాదాపు అలాగే ఉండే ఇంకో మొక్క ఉంటుంది. దాని కాడ ఎర్రబారి ఉంటుంది, కాయ తొడిమ లేకుండా రెమ్మకు అతుక్కుని ఉంటుంది. అది వేరే జాతి. తెలిసిన అవ్వ ఈ రెంటినీ వంగకుండానే వేరు చేస్తుంది. వావిలిని నలిపి వాసన చూస్తుంది, నేలవేమును నాలుక మీద పెట్టుకుని చేదు చూస్తుంది. కుప్పింటాకు వేరు పెరికితే పిల్లి వాసన పట్టి వచ్చేస్తుందని నవ్వుతూ చెబుతుంది. పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకున్నవాళ్ళం ఈ వేగం అందుకోవడం కష్టం.

ఇక చెయ్యి. పచ్చి ఆకు దంచి పిండితే పసరు, నూరితే ముద్ద, కాస్తే కషాయం, చన్నీళ్ళలో రాత్రంతా నానబెడితే ఒకటి, మరిగిన నీళ్ళు పోసి మూతపెడితే ఇంకొకటి. శాస్త్రంలో వీటికి స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం అని పేర్లున్నాయి. పేర్లు తెలియకపోయినా వంటింట్లో పని మాత్రం శాస్త్రం ప్రకారమే సాగుతుంది. కషాయానికి నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి, సన్నసెగ మీద మూత లేకుండా ఒక గ్లాసుకు దించాలి. అల్యూమినియం గిన్నె పనికిరాదు, మట్టిపాత్ర మేలు. తొందరపడి మంట పెంచితే అది కషాయం కాదు, ఉడికిన ఆకునీళ్ళు.

అడ్డసరం చూడండి. దగ్గుకు దాన్ని మించిన ఆకు లేదు, కానీ రోట్లో ఎంత దంచినా రసం వదలదు. అంతటి మొండి ఆకు. అందుకని దాన్ని ముద్దగా దంచి, ఆముదపాకులో చుట్టి, దారంతో కట్టి, పైన వేలిమందాన తడిమట్టి మెత్తుతారు. ఆ ఉండను నిప్పుల్లో పూడ్చి, మట్టి ఎర్రబడేదాకా ఉంచుతారు. తీసి, పెంకు పగలగొట్టి, వెచ్చగా ఉండగానే గుడ్డలో వేసి మెలిపెడితే చిక్కటి ఆకుపచ్చ రసం బొట్లుబొట్లుగా దిగుతుంది. అదే పుటపాకం. ఒక చెంచా రసం, అంతే తేనె. నిప్పుల పొయ్యి లేని ఇళ్ళలో ఇప్పుడు ఇడ్లీపాత్రలో ఆవిరి పట్టి ఆకు వాడ్చి పిండుతున్నారు. అదీ మంచిదే. ఈ ఆకులో ఉన్న వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకునే బ్రోంహెక్సిన్ తయారైంది. మెడికల్ షాపులో మనం కొనే ఎన్నో దగ్గు సిరప్పుల్లో ఉన్నది అదే. మన అవ్వల నిప్పుల కుంపటికి అంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి? అయితే గర్భిణికి అడ్డసరం ఇవ్వరాదు, అది గర్భసంచిని కదిలిస్తుంది. కుంపటి ముందు కూర్చున్న అవ్వ అడిగే మొదటి ప్రశ్న అదే.

మందు దేనితో ఇవ్వాలన్నది ఇంకో పాఠం. తేనెతోనా, మజ్జిగతోనా, బెల్లంతోనా, నేతితోనా అన్నదాన్ని బట్టి ఫలం మారుతుందంటారు. పత్యం దానికి తోడు. వంకాయ వద్దు, చింతపండు వద్దు, రాత్రి పెరుగు వద్దు. నవ్వేవాళ్ళు నవ్వనీ, పత్యం చేసేవాడు కనీసం పదిరోజులు తన ఒంటిని తాను గమనించుకుంటాడు. ఆ గమనింపే సగం వైద్యం.

ఈ విద్యలో ఘనుల పేర్లు చెప్పకుండా ఉండలేను. బసవరాజు రాసిన బసవరాజీయం తెలుగునాట, కన్నడనాట వైద్యుల ఇళ్ళలో తరాలుగా నలిగిన గ్రంథం. ప్లేగు ఊళ్ళను ఊడ్చేస్తున్న రోజుల్లో మద్రాసులో పండిత దీవి గోపాలాచార్లు తన హైమాది పానకం, శతధౌత ఘృతంతో పేరు మోగించారు. శతధౌత ఘృతమంటే నేతిని నూరుసార్లు నీళ్ళతో కడగాలి. కడిగేకొద్దీ పసుపు పోయి, వాసన పోయి, చివరికి తెల్లటి మెత్తటి వెన్నలా మారుతుంది. ఎవరికుంది ఇప్పుడు ఆ ఓపిక? కె.ఎన్. కేసరి లోధ్ర అనే మందు అమ్మి సంపాదించిన డబ్బుతో 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టి ఆడవాళ్ళ చేత చదివించారు, రాయించారు. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు సంగతి వేరే చెప్పాలా? 1881లో కేశవరాజు అనే ఆయన వేటకుపోయి, కుందేలు మాంసాన్ని ఏవో ఆకుల్లో చుట్టి ఉంచితే ముక్కలు అతుక్కున్నాయని, అప్పటినుంచీ కట్టు మొదలైందని చెప్పుకుంటారు. కథ ఎలాంటిదైనా, ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలతో కట్టే ఆ కట్టు కోసం జనం ఈనాటికీ రాష్ట్రాలు దాటి వస్తారు.

మూలికల మాటెత్తితే చైనాను కాదని పోలేం. క్రీస్తుశకం నాలుగో శతాబ్దంలో గె హోంగ్ అనే వైద్యుడు అత్యవసరానికి చేతికింద ఉంచుకోమని ఒక చిట్కాల పుస్తకం రాశాడు. డాక్టరు అందని బీదవాళ్ళు చవగ్గా దొరికే ఆకులతో తమ మందు తాము చేసుకోవడానికి రాసిన పుస్తకం అది. అందులో విడిచి విడిచి వచ్చే జ్వరానికి, చింగ్‌హావ్ ఆకు గుప్పెడు నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగమన్నాడు. సుమారు పదహారు వందల ఏళ్ళ తర్వాత తూ యూయూ అనే శాస్త్రవేత్త మలేరియా మందు కోసం అదే ఆకును మరిగించి పరీక్షిస్తే సరైన ఫలితం రాలేదు. పాత పుస్తకం మళ్ళీ చదివింది. మరిగించమని లేదు, పిండమని ఉంది. వేడి తగిలితే సారం చెడుతోందని గ్రహించి, తక్కువ వేడిలో మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబరులో ఎలుకల మీద అది పూర్తిగా పనిచేసింది. అదే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. మన అడ్డసరం నిప్పు లేనిదే రసం ఇవ్వదు, వాళ్ళ చింగ్‌హావ్ నిప్పు తగిలితే పాడవుతుంది. విధానం విడిచిపెట్టి ఆకును పట్టుకుంటే ఏం లాభం?

మన నేల ఉసిరిదీ పెద్ద కథే. 1988లో మద్రాసు పరిశోధకుడు త్యాగరాజన్, నోబెల్ గ్రహీత బ్లూంబర్గ్ తోటివారితో కలిసి లాన్సెట్ పత్రికలో ఒక పరీక్ష ప్రకటించారు. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉన్న 37 మందికి నెల రోజులు ఈ మొక్క పొడి ఇస్తే 22 మంది రక్తంలో వైరస్ ఆనవాలు పోయింది. ప్రపంచమంతా మన గట్ల వైపు చూసింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. నేను నేల ఉసిరి పక్షమే. అయినా కామెర్లు వస్తే రక్తపరీక్ష మానేసి పసరు తాగేవాణ్ణి మాత్రం సమర్థించను.

ఇప్పుడు కడుపుమంట చెప్పుకోవాలి. 1980లలో సామాజిక అడవుల పేరుతో కోలారు జిల్లా నిండా నీలగిరి నాటారు. అవి నాటిన గోమాళాలు (పశువుల మేత బీళ్ళు), గుండుతోపులు (ఊరుమ్మడి తోపులు), గుట్టల అంచులు మందుమొక్కల పుట్టిళ్ళు. నీలగిరి నీడ కింద గడ్డి కూడా సరిగా మొలవలేదు. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటొద్దంది, అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. మిగిలిన గట్ల మీద ఇప్పుడు కలుపు మందు పిచికారీ. ఉత్తరేణి, తుమ్మి, గలిజేరు, నేల ఉసిరి అన్నీ ఆ లెక్కలో కలుపే. టమేటా తోటల పక్క గట్టు మీద పచ్చగా కనబడే మొక్కను కూడా కోయడానికి భయమేస్తుంది, నిన్న దాని మీద ఏం కొట్టారో ఎవరికి తెలుసు?

మొక్క పోయిన చోట ప్యాకెట్టు వచ్చింది. నూటికి నూరుపాళ్ళు సహజం అని ముద్ర, చుట్టూ ఆకుపచ్చ రంగు, వెనక ఋషి బొమ్మ. లోపల ఏ ఆకో, ఎప్పటిదో! మోకాళ్ళ నొప్పికి అమ్మే పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి పట్టుబడ్డ సందర్భాలున్నాయి. రెండురోజుల్లో నొప్పి మాయమైతే అది మూలిక మహిమ కాదని మా అవ్వలకు తెలుసు, కొనేవాళ్ళకే తెలియదు. 2004లో అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరికిన 70 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి బయటపడ్డాయి. సిగ్గుచేటు కాదూ? షుగరును వేళ్ళతో సహా పెకలిస్తామనే ప్రకటనలు టీవీలో రాత్రంతా వస్తాయి. అలాంటి ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే చట్టం చేసుకున్నాం. చట్టం పుస్తకంలో ఉంది, పొడి ఇంట్లోకి వచ్చింది.

మూలిక మారితే ఏమవుతుందో బెల్జియం చెబుతుంది. 1990ల మొదట్లో బ్రసెల్స్‌లో సన్నబడటానికి ఇచ్చిన చైనా మూలికల్లో ఒకదానికి బదులు ఇంకొకటి కలిసింది. కలిసింది అరిస్టొలోకియా జాతి. వందమందికి పైగా ఆడవాళ్ళ కిడ్నీలు దెబ్బతిన్నాయి. మన గాడిదగడపాకు, ఈశ్వరి కూడా ఆ జాతివే, వాటిలోనూ కిడ్నీలను దెబ్బతీసే ఆ విషం ఉంది. పురుగులకని, గజ్జికని వాటిని వాడిన రోజులున్నాయి. ఇక లోపలికి తీసుకోవడం మానుకోవాలి. కరోనా రోజుల్లో తిప్పతీగను నీళ్ళలా తాగినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై డాక్టర్లు ప్రకటించారు. అది తిప్పతీగ తప్పు కాదని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. నాకు ఆ తీగంటే ఎంత ప్రేమ ఉన్నా ఒక్కమాట చెప్పగలను, మా పాత ఇల్లాళ్ళెవరూ ఏ కషాయాన్నీ నెలల తరబడి తాగించలేదు. మూడురోజులు, ఐదురోజులు, ఆపై ఆపెయ్యి అనేవాళ్ళు.

ఎక్కడ ఆగాలన్నది చివరి పాఠం, అన్నిటికన్నా పెద్దది. జలుబు, పొడిదగ్గు, అజీర్తి, చిన్న గాయం ఇంటివి. పాముకాటు, ఛాతీలో నొప్పి, మూడురోజులు దాటిన జ్వరం, పసిపిల్లల విరేచనాలు ఆస్పత్రివి. 2001లో మూతపడ్డ కేజీఎఫ్ బంగారు గనుల్లో రాతిధూళి పీల్చిన ఊపిరితిత్తులను ఏ అడ్డసరమూ బాగుచేయలేదు. ఈ గీత గీయడం తెలియనివాడు నాటువైద్యానికి పరమశత్రువు, ప్యాకెట్టు అమ్మేవాడికన్నా ఒక మెట్టు ఎక్కువ.

కాబట్టి నా విన్నపం మా తాలూకా వాళ్ళకే. ఇంటికి ఐదు మొక్కలు నాటండి: వామాకు, తులసి, అడ్డసరం, వావిలి, కలబంద. బెంగళూరులో 1993లో మొదలైన ఎఫ్‌ఆర్‌ఎల్‌హెచ్‌టీ సంస్థ ఇంటింటి మందుతోటలను పల్లెల్లోకి తీసుకెళ్ళి, ఇది పగటికల కాదని చూపించింది. పంచాయతీలు మిగిలిన గుండుతోపుల్లో కలుపు మందు నిషేధించాలి. బడిలో పిల్లల చేత ఒక్కో మొక్క పేరు తెలుగులోనూ కన్నడంలోనూ రాయించి, దాన్ని ఇంట్లో ఎలా వాడతారో, ఎవరికి ఇవ్వకూడదో అవ్వలను అడిగించండి. మామిడి వేళ దాటకముందే ఒక అవ్వ పక్కన కూర్చుని జీడి దంచడం, పుటం పెట్టడం నేర్చుకోండి. పక్కన కూర్చుంటే నేర్పని అవ్వ మా తాలూకాలో లేదు, కూర్చునేవాళ్ళే కరువయ్యారు.