కణాలు తొలగినంత మాత్రాన స్వభావం మారినట్లేనా?

అరకు లోయలో పొయ్యి మంటకు ఒళ్ళు కాలిన మనిషి విశాఖపట్నంలోని పెద్దాసుపత్రికి చేరాలంటే సుమారు 115 కిలోమీటర్లు ప్రయాణించి కొండ దిగాలి. అటువంటి గాయాలకు ఉపకరించే కొత్త సాధనమొకటి మన దేశంలోనే తయారైంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ శాస్త్రజ్ఞులు పంది పిత్తాశయం నుండి రూపొందించిన ‘కోలిడెర్మ్’ అనే పల్చని పొరకు 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం లభించింది. దీనివల్ల చికిత్స వ్యయం 10,000 రూపాయల నుండి 2,000కు తగ్గగలదని అంచనా. పేదవానికి ఇది శుభవార్తే. కాని ముస్లిం రోగి ముందు ఒక ధర్మసందేహం నిలుస్తుంది.

దీనికి తరచుగా వినవచ్చే సమాధానం ఒకటుంది: “జంతు కణాలన్నీ కడిగివేయబడ్డాయి, మిగిలినది పంది కాదు, స్వభావం మారిపోయింది గనుక శుద్ధమే.” ఫిఖహ్ పరిభాషలో దీనినే ‘ఇస్తిహాలా’ అంటారు. జిలాటిన్ విషయంలో 1995లో కువైట్ సదస్సు చేసిన నిర్ణయాన్ని ఈ వాదానికి ఆధారంగా చూపుతారు. ఈ ఆధారం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం అవసరం.

ఇస్తిహాలాకు పండితులిచ్చే ఉదాహరణలు స్పష్టమైనవి. సారాయి వెనిగర్‌గా మారుతుంది. ఉప్పు గనిలో పడిన కళేబరం కాలక్రమాన ఉప్పవుతుంది. అశుద్ధమైన కొవ్వు సబ్బు అవుతుంది. వీటన్నింటిలో పాత వస్తువు పేరు, గుణం, రూపం మూడూ నశిస్తాయి. జిలాటిన్ కూడా ఇటువంటిదేనని కువైట్ పండితులు భావించారు. తోలును, ఎముకలను ఆమ్లంతోనో సున్నంతోనో నానబెట్టి వేడినీటిలో కాచినప్పుడు కొల్లాజెన్ పోగులు విచ్ఛిన్నమై పూర్వరూపం పోతుంది.

కణాలు తొలగించిన కణజాలం సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఇక్కడ డిటర్జెంట్లతో, ఎంజైములతో కణాలను, డి.ఎన్.ఏ.ను మాత్రమే తీసివేస్తారు. పొడి బరువులో ఒక మిల్లీగ్రాముకు 50 నానోగ్రాములకన్న తక్కువ డి.ఎన్.ఏ. మిగలాలన్నది 2011 నుండి ప్రచారంలో ఉన్న కొలమానం. కొల్లాజెన్ అల్లికను మాత్రం చెదరకుండా కాపాడతారు. ఆ పొర ప్రయోజనమంతా ఆ అల్లికలోనే ఉంది. 2008లో అమెరికాలోని మిన్నెసోటా శాస్త్రజ్ఞులు కణాలు తొలగించిన ఎలుక గుండె తన గదులతో, రక్తనాళాల మార్గాలతో గుండెగానే నిలిచింది. కొత్త కణాలు నింపగా మళ్ళీ కొట్టుకుంది. ప్రయోగశాలలో “చెదరలేదు” అని మెచ్చుకున్న వస్తువునే ఫత్వాలో “పూర్తిగా మారిపోయింది” అనడం పరస్పర విరుద్ధం.

దీనికి మరింత దగ్గరి పోలిక పదును చేసిన తోలు. పదును చేస్తే తోలు శుద్ధమవుతుందని చెబుతూ హనఫీ గ్రంథం ‘దుర్రుల్ ముఖ్తార్’ మూత్రాశయాన్ని, పొట్టసంచిని కూడా అదే కోవలో చేర్చింది. అయితే పందికి ఆ సూత్రం వర్తించదని హనఫీ పండితులు స్పష్టం చేశారు. కాబట్టి మేక, గొర్రె, ఆవు, గేదెల కణజాలానికి ఈ ద్వారం తెరిచే ఉంది. అవి షరీఅత్ ప్రకారం జబహ్ చేయబడినవైతే అసలు సందేహమే లేదు. పంది విషయంలో ఆ ద్వారం మూసే ఉంది.

అలాగని రోగిని చికిత్సకు దూరం చేయడమూ ధర్మం కాదు. గత్యంతరం లేనివానికి దోషం లేదని దివ్య ఖుర్‌ఆన్ (2:173) తెలుపుతోంది. ప్రాణానికి గాని అవయవానికి గాని ముప్పు ఉండి, వేరే మార్గం లేనప్పుడు నిషిద్ధ జంతువు అవయవం సయితం అనుమతించదగినదేనని 1989లో భారత ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ సదస్సు నిర్ణయించింది. అంటే అనుమతికి ఆధారం అవసరమే గాని స్వభావం మారిందన్న మాట కాదు. ఈ భేదం చిన్నది కాదు. మారిందంటే ప్రత్యామ్నాయం వెదికే బాధ్యత ఎవరికీ ఉండదు, అవసరమంటే ఉంటుంది.

ఆ బాధ్యత మోయగల నైపుణ్యం తెలుగునాట లేకపోలేదు. 2022లో హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐ.ఐ.టి., సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు మానవ దాతల కార్నియా నుండి కణాలు తొలగించిన పదార్థంతో కృత్రిమ కార్నియాను ముద్రించి కుందేలు కంటిలో అమర్చారు. ఇక మేకలు, గొర్రెలు కోయని ఊరు లేదు. స్తోమత గల ముస్లిం వైద్యులు, వ్యాపారులు ఈ దిశగా ఆలోచించకుండా పేద రోగి నిస్సహాయతను ఇస్తిహాలా పేరుతో కప్పిపుచ్చడం న్యాయం కాదు.

మరొక విషయం. గాయంపై వేసే పొర ఏ జంతువుదో రోగికి అతని భాషలో ముందుగానే చెప్పాలి. ఇది ముస్లింల హక్కు మాత్రమే కాదు. అరకు కొండల్లో కిల్లో వంశీయులకు పులి, పాంగి వారికి గద్ద, వంతల వారికి పాము వంశచిహ్నాలు. జంతువుతో మనిషికి గల సంబంధాన్ని వారూ తేలికగా తీసుకోరు. చెప్పి అడిగితే అవసరాన్ని తూచుకొని రోగి తానే నిర్ణయించుకోగలడు. చెప్పకుండా వేసిన పొర గాయాన్ని మాన్పినా నమ్మకాన్ని గాయపరుస్తుంది.